దురియన్‌ను మింగిన జువ్వి

మగపిట్ట కనపడటానికి ముందే వినపడుతుంది. కొండ మలుపు అవతల ఎవరో పెద్ద చాప పట్టుకుని ఆగి ఆగి దులుపుతున్నట్టు మొదలవుతుంది రెక్కల చప్పుడు. అది వినగానే దెరమాన్ టీ సీసాకి మూత బిగించి, నొప్పి లేని మోకాలి మీద నోటుపుస్తకం తెరిచాడు.

అతను కూర్చున్నది ఆకులు కప్పిన చిన్న చాటులో. ఎదురుగా చెంగాల్ చెట్టు. ఊళ్లో పడవలూ ఇంటి స్తంభాలూ చేసేది ఈ చెట్టు కలపతోనే. బూడో కొండల ఈ వాలులో ఇంత లావుది ఇదొక్కటే మిగిలింది. మొదలు దగ్గర నిలబడి పైకి చూస్తే టోపీ వెనక్కి పడిపోతుంది. పైన, కొమ్మలు మొదలయ్యే చోటుకి కొంచెం కింద, ఒక తొర్ర. తొర్ర నోటికి మట్టి గోడ. గోడ మధ్యలో రెండు వేళ్లు పట్టేంత సందు. ఆ సందు వెనక ఒక పిల్ల ఉంది.

కొమ్ముముక్కు పిట్టల కాపరం అలాగే ఉంటుంది. గుడ్డు పెట్టే రోజులు రాగానే ఆడది తొర్రలో దూరి, మట్టీ రెట్టా మెదిపి తలుపు మూసేసుకుంటుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. ఎగరలేదు, బయటికి రాలేదు. దాని తిండీ పిల్ల తిండీ మగదే మోసుకురావాలి. ఈ ఏడు తల్లికి ఈకలు మళ్లీ మొలిచి, నెల కిందట తలుపు పగలగొట్టుకుని బయటపడింది. తల్లి అటు ఎగిరిందో లేదో, లోపలున్న పిల్ల తన రెట్టతోనే ఆ తలుపును తిరిగి కట్టేసుకుంది. అది దానికి ఎవరు చెప్పారో, ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా దెరమాన్‌కి తెలియదు.

మగపిట్ట తొర్ర కింద బెరడుకి కాళ్లు తన్నిపెట్టి వాలింది. మెడ ఎగదోసి ఒక పండును ముక్కు చివరికి తెచ్చుకుంది. తెచ్చుకుని, సూదిలో దారం ఎక్కించినంత జాగ్రత్తగా సందులోంచి లోపలికి అందించింది. మళ్లీ మెడ ఎగదోత. మళ్లీ ఒక పండు. బొటనవేలి గోరంత ఎర్రటి పండ్లు. దెరమాన్ ఒక్కోదానికీ ఒక్కో గీత గీశాడు. నలభై రెండు. పక్కన ‘జువ్వి’ అని రాశాడు.

తొమ్మిది రోజులుగా ఆ పుస్తకంలో జువ్వి తప్ప ఇంకో పేరు లేదు. కొండ మీది రెండు జువ్వి చెట్లూ మార్చిలోనే కాసి అయిపోయాయి. ఆ తరవాత రోజుకి మూడుసార్లు, నాలుగుసార్లు మాత్రమే మేత వచ్చేది. సందులోంచి పిల్ల అరుపు వాలు కిందిదాకా వినపడేది. కింద తోటలో ఉన్న మూడో జువ్వి పండిన దగ్గర్నుంచి తల్లీ తండ్రీ కలిసి రోజుకి పదీ పదకొండుసార్లు వస్తున్నాయి. అరుపు తగ్గింది. పోయినేడు సరిగ్గా ఈ రోజుల్లోనే ఏ జువ్వీ పండలేదు. అరుపు మొదట పెరిగింది, తరవాత సన్నబడింది, ఒక పొద్దున వినపడలేదు. దెరమాన్ తాడు కట్టుకుని ఎక్కి, తలుపు తీసి, దాన్ని కిందికి తెచ్చాడు. ఎండిన కొబ్బరిపీచంత తేలిగ్గా ఉంది. ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు.

ఈ పిల్ల రెక్కలు సాచి బయటపడాలంటే ఇంకా ఇరవై రోజులు కావాలి.

మధ్యాహ్నం దాటాక ఇంటికి వెళ్లేసరికి లీమో పెరట్లో పీట వేసుకుని చిక్కుళ్లు ఒలుస్తోంది. అతని అడుగుల చప్పుడుకి తల ఎత్తలేదు.

“ఎన్నిసార్లు ఇవాళ?”

“మధ్యాహ్నానికే ఏడు.”

“చూశావా, దాని కొడుకు ఏడుసార్లు తిన్నాడు. నా మొగుడు ఒక్కసారీ తినలేదు. కడుక్కుని కూర్చో.”

ఆకుల తురుము కలిపిన, శంఖుపువ్వు రంగు పట్టిన నీలం అన్నం, వేయించిన ఉప్పుచేప ముందు పెట్టింది. అతను రెండు ముద్దలు తిన్నాక అంది, “మాయుదిన్ ఆదివారం రంపంవాణ్ణి పిలిచాడంట.”

“దేనికి?”

“తోటలో జువ్విని కొట్టించడానికి.”

దెరమాన్ చెయ్యి కంచంలోనే ఆగింది. ఇవాళ గురువారం. “నీకు చెప్పాడా?”

“నాకెందుకు చెప్తాడు? టీకొట్టు దగ్గర ఊరందరికీ చెప్పాడు. అక్కకి ఆఖర్న చెప్పాలని వాడికేదో రూలు.” ఆమె ఒలిచిన గింజలు గిన్నెలో పోసింది. “అలా చూడకు. అన్నం తిని వెళ్లు. వెళ్లి మెల్లగా మాట్లాడు. వాడికి ముక్కు మీదే ఉంటుంది కోపం.”

మాయుదిన్ లీమోకి తమ్ముడు. తండ్రి పోయాక పంపకాల్లో ఆ తోట అతని వాటాకి వచ్చింది. దెరమాన్ వెళ్లేసరికి లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి, పనసలా ముళ్లపండు కాసే దురియన్ చిన్న మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. మొత్తం నలభై అంటు మొక్కలు. ఎండలో ఉన్నవి నడుమెత్తు పెరిగాయి. జువ్వి నీడలో పడిన పన్నెండు మాత్రం మోకాలు దాటలేదు. ఆకులు పసుపు తిరిగి వేలాడుతున్నాయి.

జువ్వి తోట మధ్యలో ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే అది ఒక్క చెట్టు కాదని తెలుస్తుంది. లోపల, వేళ్ల వల మధ్య, కుళ్లి బోలుగా మారిన పాత దురియన్ మొద్దు ఉంది. జువ్వి దాని పైకొమ్మలో మొలిచి, కిందికి వేళ్లు దించి, ఏళ్ల తరబడి మెల్లగా చుట్టూ అల్లుకుని దాన్ని కౌగిట్లోనే చంపింది. ఇప్పుడు దురియన్ లేదు. దురియన్ ఆకారంలో ఒక ఖాళీ ఉంది.

“రా బావా,” అన్నాడు మాయుదిన్ చెంబు దించకుండా. “అక్క పొద్దున్నే పంపుతుందనుకున్నా. ఆలస్యమైంది.”

“ఇరవై రోజులు ఆగు మాయుదిన్. పిల్ల బయటికి వచ్చేస్తుంది.”

“పోయినేడు వానలయ్యేదాకా ఆగమన్నావు. అంతకుముందు రంజాన్ అయ్యేదాకా అన్నావు. ఇదిగో, ఇటు చూడు.” ఒక మొక్క ఆకును వేలితో ఎత్తాడు. “రెండేళ్లది. పసిపిల్లాడికి జబ్బు చేసినట్టు లేదూ? వీటికి ఎండ కావాలి. ఆ చెట్టు మా నానమ్మ దురియన్‌ని మింగింది, సరే. ఇప్పుడు నా పన్నెండింటినీ మింగాలా? దాని పండు మనిషి తినడు. దాని కట్టె పొయ్యిలో పెడితే ఇల్లంతా పొగ. దేనికది?”

“పిట్టలకి.”

“పిట్టలకి!” మాయుదిన్ చెంబు కింద పెట్టాడు. “ఎవరండీ ఈ మాట అంటున్నది? ఆ చెంగాల్‌కి మేకులు కొట్టుకుంటూ ఎక్కి, తొర్రలో చెయ్యి పెట్టి, పిల్లల్ని గోనెసంచిలో వేసుకుని దిగినవాడివి నువ్వు కాదా? కింద నిలబడి సంచి మూతి పట్టుకున్నది నేనే. నాకప్పుడు పదేళ్లు. పదకొండు పిల్లలు. నేను లెక్కపెట్టాను.”

 దెరమాన్ పిల్లల్ని దించడం మానేసి చాలాకాలమైంది. పక్షుల మీద పరిశోధన చేసేవాళ్లు కొండకి వచ్చినప్పుడు, ఏ తొర్ర ఎక్కడుందో దొంగలకే బాగా తెలుసని దొంగల్నే కాపలా పెట్టుకున్నారు. అప్పట్నుంచి ఆ తొర్రలోంచి ఆరు పిల్లలు ఎగిరాయి. ఆఖరి రెండేళ్లు ఒక్కటీ ఎగరలేదు.

“పదకొండే,” అన్నాడు చివరికి. “అందుకే అడుగుతున్నా.”

 మాయుదిన్ ఈసారి మెల్లగానే అన్నాడు. “నువ్వు చేసిన పాపానికి నా మొక్కలెందుకు బావా చావాలి?”

 దెరమాన్ ఇంటికి వచ్చేశాడు.

లీమో అంతా విని, బియ్యం కడుగుతూనే ఉంది. నీళ్లు వంచేసి అంది. “అది నానమ్మ వక్ఫు చెట్టు కదా.”

“దురియన్ వక్ఫు. జువ్వి కాదు.”

“నిలబడింది ఒకే చోట.”

ఆ సంగతి ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. లీమో నానమ్మ ఆ దురియన్‌ని నాటినప్పుడే, దాని పండ్లు దారిన వచ్చేవాళ్లవని దేవుడి పేర చెప్పి వదిలేసింది. తోటలో మిగతా చెట్లన్నీ ఇంటివి, అది మాత్రం బాటసారులది. ఇంట్లోవాళ్లు దాని కింద రాలిన పండు ముట్టుకోకూడదు. పిల్లలకి మాత్రం నోరూరేది. అందుకని వాళ్లొక దారి కనిపెట్టారు. పెరటి గేటులోంచి బయటికి వెళ్లి, కాలవ గట్టు మీదుగా చుట్టూ తిరిగి, కాలిబాటన తోటలోకి వస్తే అప్పుడు వాళ్లూ బాటసారులే. నానమ్మకి సలాం చెప్పి, ‘దూరం నుంచి వస్తున్నామమ్మా’ అని పండు ఏరుకోవచ్చు. నానమ్మ నవ్వు ఆపుకుంటూ ‘ఏ ఊరు నాయనా మీది’ అని అడిగేది.

“మాయుదిన్ పళ్ల కాలంలో రోజుకి ఏడుసార్లు బాటసారి అయ్యేవాడు,” అంది లీమో. “ఒకరోజు ఏ ఊరని అడిగితే మక్కా అన్నాడు.”

దెరమాన్ నవ్వాడు. నవ్వి, ఆగాడు. “పంపకాల్లో ఆ చెట్టు కింద జాగా ఎవరికి రాశారు?”

“ఎవరికీ రాయలేదు. వక్ఫుని పంచరు కదా. చుట్టూ ఎనిమిది అడుగులు వదిలేశారు. దురియన్ చచ్చిపోయాక ఆ మాటా చచ్చిపోయిందనుకున్నాడు వాడు.” చేతులు లుంగీకి తుడుచుకుంది. “రేపు జుమ్మా అయ్యాక ఇమాంగారితో మాట్లాడతా.”

“తమ్ముడి మీద ఫిర్యాదా?”

“తమ్ముడి మీద కాదు. నానమ్మ తరపున.”

ఇమాంగారు సన్నగా ఉంటారు. ఎవరేం చెప్పినా మొత్తం విని, ఆఖర్న చిన్న ప్రశ్న అడుగుతారు. లీమో చెప్పింది విని, “చెట్టు చూడకుండా ఏం చెప్పను?” అన్నారు. శనివారం తెల్లవారి నమాజు అయ్యాక తోటకి వస్తానన్నారు. మాయుదిన్‌ని కూడా రమ్మన్నారు.

నలుగురూ జువ్వికి కాస్త దూరంలో, పడిపోయిన కొబ్బరిమొద్దు మీద కూర్చున్నారు. ఇంకా ఎండ రాలేదు. మాయుదిన్ ఆ చివర, మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు.

“ఇమాంగారూ, సూటిగా అడుగుతా,” అన్నాడు. “నానమ్మ దురియన్ నాటింది. జువ్విని నాటలేదు. దురియన్ పోయి పదకొండేళ్లు. పోయిన చెట్టుకి వక్ఫేంటి?”

“అదే చూద్దాం,” అన్నారు ఆయన. చూడటం మొదలుపెట్టారు.

మొదట కంసాలి పిట్టలు వచ్చాయి, టుక్ టుక్ మంటూ. తరవాత పచ్చపావురాల గుంపు. ఆకుల రంగూ వాటి రంగూ ఒకటే కావడంతో కొమ్మలే కదులుతున్నట్టుంది. ఒక బెట్టుడత తోక వేలాడేసుకుని రెండు చేతులతో పండు తిప్పి తిప్పి కొరుకుతోంది. పెద్ద కొమ్మ పంగలో నల్లటి పునుగుపిల్లి ఒకటి కడుపు నిండి, నాలుగు కాళ్లూ కిందికి వదిలేసి నిద్రపోతోంది. కింద రాలిన పండ్ల దగ్గరికి కుందేలంత జింక ఒకటి వచ్చింది. వీళ్లని చూసి ఒక కాలు ఎత్తి అలాగే నిలబడి, వీళ్లు కదలకపోయేసరికి మళ్లీ తినసాగింది. ఇంతలో కొండ వైపు నుంచి చాప దులిపిన చప్పుడు. మగపిట్ట వచ్చి వాలగానే కొమ్మ ఊగి, పండ్లు టపటపా రాలాయి. తొందరేం లేదు దానికి. పండు కోసి, గాల్లోకి ఎగరేసి, గొంతులో పట్టుకుంటోంది. దెరమాన్ పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడని లీమోకి తెలుసు.

అవతల పొదలో గురగురమని చప్పుడైంది. మాయుదిన్ లేచాడు. “అదిగో! అడవిపంది. వక్ఫు పండుని పంది తింటోంది ఇమాంగారూ. మీ కళ్లతో చూడండి.”

“చూస్తున్నాను, కూర్చో,” అన్నారు ఆయన. “దాన్ని తినమని నేనన్నానా? నువ్వన్నావా? దాని తిండి దానిది.” లీమో వైపు తిరిగారు. “అమ్మా, మీ నానమ్మ చెట్టు నాటినప్పుడు ఏమందో నీకు గుర్తుందా?”

“చిన్నప్పట్నుంచీ వింటున్నదే కదా. ‘ఈ దారిన వచ్చినవాళ్లు తిననీ, నన్నెవరూ అడగక్కర్లేదు’ అనేది.”

“వచ్చినవాళ్లు ఎవరో పేర్లు చెప్పిందా?”

“లేదు.”

ఆయన తల ఊపారు. “ఈ జువ్వి దురియన్ మీదికి ఎలా ఎక్కింది? ఎవరు తెచ్చారు?”

జవాబు దెరమాన్ చెప్పాడు. “పిట్ట తెచ్చింది ఇమాంగారూ. ఎక్కడో తిని వచ్చి ఈ కొమ్మ మీద కూర్చుంటే రెట్టలో గింజ పడింది. జువ్వి అలాగే పుడుతుంది. నేల మీద మొలవడం తక్కువ.”

“అంటే దారిన వచ్చినవాళ్లలో ఒకరు ఊరికే పోలేదన్నమాట.”

 మాయుదిన్ గొంతు తగ్గించి అన్నాడు. “మరి నా మొక్కలు? నేను పొద్దున లేస్తే వాటి మొహమే చూస్తాను. అవీ ప్రాణమున్నవే కదా.”

“ప్రాణమున్నవే,” అన్నారు ఇమాంగారు. పసుపు తిరిగిన మొక్కల దాకా నడిచి వెళ్లి, ఒకదాని ముందు గొంతుక్కూర్చుని, మొదలు దగ్గర మట్టి వేలితో నొక్కి చూశారు. ఆయన తండ్రికీ తోట ఉండేది. లేచి వచ్చి అన్నారు. “నాకు తెలిసిందేదో నేను చెప్పేయొచ్చు. తప్పయితే? చనిపోయినామె మాట ఇది. పట్నంలో మతపెద్దలకి రాస్తాను. వాళ్లు ఏమంటే అది. జవాబు వచ్చేదాకా రంపం ముట్టకూడదు.”

“ఎన్నాళ్లు?”

“వాళ్ల సంగతి నీకు తెలియనిదా? మన పాత వంతెన వక్ఫు గురించి రాస్తే, జవాబు వచ్చేసరికి కొత్త వంతెన కట్టేసుకున్నాం.”

దెరమాన్ తల దించుకున్నాడు, మొహంలో ఏముందో బామ్మర్దికి కనపడకుండా.

ఆ తరవాత ఆరు రోజులు మాయుదిన్ దెరమాన్‌తో మాట్లాడలేదు. టీకొట్టు దగ్గర ఎదురైతే గ్లాసు పట్టుకుని పక్క బల్ల మీదికి జరిగేవాడు. రంపంవాడు ఆదివారం వచ్చి, విషయం విని, ఒక టీ తాగి వెళ్లిపోయాడు. ఏడోరోజు దెరమాన్ కొండ దిగి వస్తుంటే తోట కంచె దగ్గర మాయుదిన్ నిలబడి ఉన్నాడు.

“ఆ నల్ల పిల్లి, పగలంతా పడుకునే ఉంటుంది. దానికేం పనీ పాటా లేదా?”

“రాత్రుళ్లు తింటుంది.”

“అదృష్టవంతురాలు.” అంతే అని లోపలికి పోయాడు.

మర్నాడు, “పొద్దున తొమ్మిదిన్నర దాకా నీ మగపిట్ట రాలేదు. ఏమైంది దానికి?” అన్నాడు. ఆ మర్నాడు, “ఆడది వస్తే మగది పక్కకి జరిగి మంచి కొమ్మ ఇస్తోంది. మా ఇంట్లో చెప్పకు,” అన్నాడు. దెరమాన్ ఆ రెండు సంగతులూ పుస్తకంలో రాసుకున్నాడు. చెంగాల్ దగ్గర కూర్చున్నవాడికి జువ్వి దగ్గర జరిగేది కనపడదు కదా.

మూడో శుక్రవారం మసీదు మెట్ల మీద మాయుదిన్ ఇమాంగారిని ఆపాడు. “జవాబు వచ్చిందాండీ?”

“ఇంకా రాస్తున్నాను,” అన్నారు ఆయన చెప్పులు వేసుకుంటూ. “పెద్దలకి వెళ్లే ఉత్తరం. దస్తూరి బాగుండాలి కదా.”

మాయుదిన్ ఆయన వెళ్లిన వైపు చూసి, దెరమాన్ భుజం మీద ఒక్కటి చరిచాడు. “ఇద్దరూ కలిసి ఆడుతున్నారా నాతో?”

“నాకేం తెలియదు. ఒట్టు.”

అది నిజమే. దెరమాన్ ఇమాంగారితో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే పాడవుతుందేమోనని భయం.

అతని అసలు భయం వేరే ఉంది. జువ్వి అయిపోవస్తోంది. కిందికొమ్మలు ఖాళీ, పావురాలు రావడం మానేశాయి. మేత రోజుకి పదకొండు నుంచి ఎనిమిదికి పడింది, తరవాత ఆరుకి. ఇరవయ్యో రోజు వచ్చింది, వెళ్లింది. పిల్ల సందులోంచి ముక్కు బయటపెట్టి మళ్లీ లోపలికి లాక్కుంటోంది. ఇరవై ఒకటో రోజు అరుపు పెరిగింది. దెరమాన్ ఆ పూట తెచ్చుకున్న అన్నం పొట్లం విప్పకుండానే ఇంటికి పట్టుకొచ్చాడు. లీమో పొట్లం చూసింది, అతని మొహం చూసింది.

ఇరవై రెండో రోజు పొద్దున తల్లి పిట్ట ఒక్కతే వచ్చింది. ముక్కులో ఒకే ఒక్క పండు. తొర్ర దగ్గర వాలలేదు. ఎదురుగా ఉన్న కొమ్మ మీద కూర్చుని ఆ పండును అలా పట్టుకుని ఉంది, ఇవ్వకుండా. లోపల టకటకమని మొదలైంది. ఎండిన గోడ పెచ్చు ఒకటి ఊడి కింద పడింది. ఆగింది. మళ్లీ టకటక. ఇంకో పెచ్చు.  చాలాసేపటికి సందులోంచి పసుపు ముక్కు వచ్చింది. ముక్కు వెనక తల, తల వెనక ఒక భుజం ఇరుక్కుని, ఊడి వచ్చాయి. పిల్ల తొర్ర అంచున నిలబడింది. తండ్రంత ఉంది. ముక్కు మీద కొమ్ము మాత్రం ఇంకా రాలేదు. జీవితంలో మొదటిసారి కింద ఎంత లోతుందో చూసుకుంది.

తల్లి పండుతో సహా వాలు కిందికి ఎగిరిపోయింది.

పిల్ల దూకింది. పడింది, పడుతూ రెక్కలు విప్పింది. చాప దులిపిన చప్పుడు, కాకపోతే తొందర తొందరగా, తప్పుతప్పుగా. చెట్ల పైనుంచి కిందికి తోట వైపు వెళ్లి కనపడకుండా పోయింది.

దెరమాన్ పుస్తకం వదిలేసి లేచాడు. చెడ్డ మోకాలిని చేత్తో పట్టుకుని, చెట్ల వేళ్లు తన్నుకుంటూ వాలు దిగాడు. నేల మీద పడిపోయి ఉంటే? కుక్కలుంటే? కంచె దాటి తోటలోకి అడుగుపెట్టాడు. జువ్వి కింద మాయుదిన్ రాయిలా కూర్చుని ఉన్నాడు. ఒక చెంబు ఒరిగి నీళ్లన్నీ అతని లుంగీ కింద పారుతున్నాయి. తల తిప్పకుండా వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

“ష్! కదలకు బావా. ఎక్కడున్నావో అక్కడే ఉండు.”

జువ్వి నడిమి కొమ్మ మీద పిల్ల. కాళ్లు వెడల్పుగా పెట్టుకుని, తోక పైకీ కిందికీ ఊపుతూ నిలదొక్కుకుంటోంది. తల్లి పక్కకి జరిగి వచ్చి, ఇందాకటి ఆ ఒక్క పండూ నోట్లో పెట్టింది.

“రెండుసార్లు తప్పింది,” గుసగుసగా చెప్పాడు మాయుదిన్. “మొదట ఆ కొబ్బరి మీద వాలబోయి జారింది. నా గుండె ఆగింది. తరవాత ఇటు వచ్చి, ఈ కొమ్మ పట్టుకుని, తలకిందులై, మళ్లీ పైకి లేచింది. ఎవరూ చూడలేదు, నేనొక్కణ్ణే. ఎనిమిదీ నలభై. రాసుకో.”

“పుస్తకం పైనే వదిలేసి వచ్చా.”

“ఏం కాపలా బావా నీది! సరే, నేను గుర్తుపెట్టుకుంటా. ఎనిమిదీ నలభై.”

మగపిట్ట కూడా వచ్చి, పిట్టలు మూడూ కొండ వైపు వెళ్లేదాకా ఇద్దరూ కదల్లేదు. అప్పటికి లీమో కూడా వచ్చి కంచె దగ్గర నిలబడింది. అతను మళ్లీ అన్నం మరిచిపోయాడని డబ్బా పట్టుకొచ్చింది.   దెరమాన్ చెయ్యి ఎత్తి ఆమెకి పిల్ల వాలిన కొమ్మ చూపించాడు. ఆమెకి అర్థమైంది.

మాయుదిన్ లేచి తడిసిన లుంగీ పిండుకున్నాడు. పెరటి గేటు తెరుచుకుని బయటికి వెళ్లాడు. కాలవ గట్టు మీద అతని టోపీ కనపడింది, చెట్ల వెనక కనపడలేదు, మళ్లీ కనపడింది. చుట్టూ తిరిగి, కాలిబాటన తోటలోకి వచ్చి, అక్క ముందు నిలబడ్డాడు.

“అస్సలామలేకుం. దూరం నుంచి వస్తున్నామమ్మా.”

లీమో తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఏ ఊరు నాయనా మీది?”

“మక్కా.”

వంగి, రాలిన జువ్వి పండు ఒకటి ఏరి, దుమ్ము తుడిచి నోట్లో వేసుకున్నాడు. రెండుసార్లు నమిలాడు. మొహం చిట్లించి అవతలికి ఉమ్మేశాడు. “ఛీ, ఛీ! లోపల పురుగులు కూడా. నానమ్మ ఇది తిని ఉంటే వక్ఫు అప్పుడే రద్దు చేసేది.”

“నీ కోసం కాదులేరా అది,” అంది లీమో కళ్లు తుడుచుకుంటూ.

“తెలిసిందిలే.” అతను పసుపు తిరిగిన మొక్కల వైపు నడిచి, ఒకదాని ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇమాంగారు నొక్కి చూసిన చోటే మట్టి నొక్కి చూశాడు. “వానలు పడ్డాక వేళ్ల మట్టితో సహా తవ్వి, అటు ఎండ వాలులో పెడతా. నాలుగు చచ్చినా ఎనిమిది బతుకుతాయి. నువ్వు వచ్చి తవ్వాలి బావా. పన్నెండు గుంటలూ నువ్వే. పాపం నీది కదా.”

“ఏ మోకాలితో తవ్వను?”

“నొప్పి లేనిదానితో,” అన్నాడు మాయుదిన్.